రెండో రేకు

మంచు తెల్లగా ఉందని పెద్ద డ్రైవరుకి ఒళ్లు మండింది.

"ఇదేం మంచు తల్లీ? పంచదార చల్లినట్టుంది" అన్నాడు కూతురితో.

బయట మిట్టమధ్యాహ్నం. ఎండ పెటపెటలాడుతోంది. డ్రైవర్ల శిక్షణ బడి వెనకగదిలో ఫ్యాను తిరుగుతోందే గాని గాలి లేదు. గోడంత తెర మీద మాత్రం ఎడతెరిపి లేకుండా మంచు కురుస్తోంది. తెర ముందు ఒక పాత ఇంజను నుంచి ఊడదీసి తెచ్చిన బల్ల, దాని మీద నిజమైన బ్రేకు పిడి, నిజమైన హారను. చిరిగిన రెక్సిను సీట్లో డెబ్బై దాటిన డ్రైవరు. పక్కన కంప్యూటరు ముందు కూతురు. రైళ్ల సిమ్యులేటర్లు తయారు చెయ్యడం ఆమె పని. పట్టాలు, సిగ్నళ్లు, వాన, మంచు, చక్రాల చప్పుడు, అన్నీ ఆమె పెడితేనే ఉంటాయి. పెట్టనిది ఏదీ తెర మీదికి రాదు.

"మరెలా ఉంటుంది నాన్నా?"

"పట్టాల పక్క మంచు ఒక్కరోజే తెలుపు. రెండోరోజుకి గ్రీజు, బ్రేకుల ఇనప పొడి, పెట్టెల కిందికి జారిన మలమూత్రాలు, చక్రాల కింద పడ్డ కుక్కలు, అన్నీ కలిసి గడ్డకడతాయి. మూడోరోజుకి పుండు మీద పక్కు కట్టినట్టు ఉంటుంది. నువ్వేమో పిల్లల బొమ్మల పుస్తకం చేశావు."

"సరే, నీ పుండు మంచే పెడతాలే" అని నవ్వి ఏవో మీటలు నొక్కింది. తెర మీద మంచు పసుపు తిరిగి, నల్లబడి, చీము పట్టినట్టయింది. డ్రైవరు తల ఊపాడు.

అంతలో శిక్షణ బడి మాస్టారు చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"మీ అమ్మాయి మంచు చూస్తే నాకు జలుబు చేసేట్టుందండీ. ఇవాళ సాయంత్రానికి పాఠం పంపెయ్యాలి. ఒక్కసారి బండి నడిపి చూసి, అంతా ఆనాడు జరిగినట్టే ఉందని ఈ కాగితం మీద సంతకం పెట్టండి."

కాగితం పైన పాఠం పేరు లావు అక్షరాల్లో ఉంది: మంచులో నిర్లక్ష్యం.

ఆ నిర్లక్ష్యం ఎవరిదో చెప్పాలి. పొగమంచు కమ్మితే సిగ్నలు కనిపించదు. అందుకని సిగ్నలుకి ముందు పట్టా మీద ఒక మనిషి టపాకాయలు పెడతాడు. బూటుపాలిష్ డబ్బీ అంత రేకు డబ్బీ, లోపల మందు, పట్టాకి చుట్టడానికి రెండు సీసపు చెవులు. చక్రం ఎక్కితే పేలుతుంది. అది వినగానే డ్రైవరు వేగం తగ్గించి సిగ్నలు వెతుక్కోవాలి. నలభై ఏళ్ల క్రితం ఆ పని చేసినవాణ్ని అందరూ జోడీ అనేవారు. ఏదైనా రెండేసి చేస్తాడు. తలుపు రెండుసార్లు కొడతాడు, తాళం రెండుసార్లు లాగి చూస్తాడు. టపాకాయలూ రెండు. "ఒకటి తుస్సుమంటే రెండోది ఉంటుంది బావా" అనేవాడు. చుట్టరికమేమీ లేదు, వావి కలిపి పిలవడం వాడి సరదా.

ఒక మంచురోజు డ్రైవరు బండి కింద పడి జోడీ పోయాడు. టపాకాయలు పెట్టలేదని, తాగి పట్టాల మీద పడి ఉన్నాడని విచారణలో తేల్చారు. తేల్చింది డ్రైవరు మాట మీదే. ఆ మాట మీదే ఇప్పుడు కూతురు తెర మీద ఈ బండి తయారు చేసింది. రేపటి నుంచి కొత్తగా చేరే ప్రతి డ్రైవరూ జోడీ పేరు నిర్లక్ష్యానికి గుర్తుగా నేర్చుకుంటాడు.

"కానివ్వండి" అన్నాడు మాస్టారు.

బండి కదిలింది. ఎగువ దారి. చక్రాలు జారుతుంటే డ్రైవరు పట్టు కోసం పట్టాల మీదికి ఇసుక వదిలాడు. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. తెర మీద పొగమంచు దగ్గరికొచ్చింది. గదిలో అగ్గిపుల్ల గీసి ఆర్పిన వాసన లాంటిది వచ్చింది. ఫ్యాను కాలుతోందేమోనని మాస్టారు పైకి చూశాడు.

ఢాం.

ఒక్క ఊపిరి పట్టేంత సేపు.

ఢాం.

"బాగుందమ్మా, అదిరిపడ్డాను" అన్నాడు మాస్టారు. "కానీ మన పాఠంలో టపాకాయలు లేవు కదా. తీసెయ్."

కూతురు తెర వంక చూస్తూ ఉండిపోయింది. "నేను పెట్టలేదండీ. లేవని నాన్నే చెప్పాడు. ఆ చప్పుడు నా దగ్గర లేనే లేదు."

డ్రైవరు బండి ఆపాడు. బ్రేకు పిడి మీద అరచెయ్యి జిగురుగా అంటుకుంది. లాగితే చర్మం ఊడుతున్నట్టు వచ్చింది. చూస్తే వేళ్ల సందుల్లో నల్లటి గ్రీజు. అందులో రెండు వెంట్రుకలు. గబుక్కున చొక్కాకి తుడుచుకున్నాడు.

"స్పీకర్ల తీగ పీకేస్తాను. ఇంకోసారి నడుపు నాన్నా."

తీగ పీకింది. బండి మళ్లీ మొదటి నుంచి బయల్దేరింది. ఈసారి చక్రాల చప్పుడు లేదు, గాలి చప్పుడు లేదు. మాస్టారు గొంతు సవరించుకోవడం మాత్రం వినిపించింది. వాసన మారింది. తడిసిన ఉన్ని... తరవాత మాంసం కొట్టు వెనక కాలవ... తరవాత వేడి ఇనుము మీద ఏదో మాడిన కమురు. డ్రైవరు నోట్లో ఉమ్ము ఊరింది. మింగడానికి అసహ్యమేసింది.

ఢాం... ఢాం.

ఈసారి చెవులకు కాదు, అరికాళ్లకు తగిలింది.

పొగమంచులోంచి పట్టాలు విడిపోయే చోటు బయటపడింది. అక్కడ ఎవరో మోకాళ్ల మీద ఉన్నారు. వీపు ఇటు, తల కిందికి. గునపంతో మంచుగడ్డ కొడుతున్నారు. రెండు దెబ్బలు. ఆగి... రెండు దెబ్బలు.

డ్రైవరు బ్రేకు లాగాడు. పిడి రాలేదు. బిగదీశాడు. రాలేదు.

ఆ మనిషి వెనక్కి తిరగలేదు. తిరగాల్సిన పనేముంది? టపాకాయలు పెట్టి వచ్చాడు. బండి ఆగుతుందని నమ్మకం.

మెత్తగా... ఏదో నలిగింది. సీటు కింద. తడి గుడ్డ మూట తొక్కినట్టు.

"పెట్టానుగా... బావా."

తెర నల్లబడింది.

మాస్టారు కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాడు. కూతురు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నాన్నా, బావా అన్నది ఎవరు?"

 డ్రైవరుకి ఆ రోజు పొద్దుటి వెలుగు కళ్ల ముందు నిలిచింది. ఆ ఎత్తు మీద బండి ఆపితే మంచులో చక్రాలు జారి మళ్లీ ఎక్కదు. జోడీ మంచు పడిన ప్రతిరోజూ టపాకాయలు పెడతాడు, సిగ్నలు ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. అందుకని డ్రైవర్లందరూ వాటి మీదుగా పోనిచ్చేవారు. వాడి చాదస్తమని నవ్వుకునేవారు. ఆ రోజు మాత్రం ముందు పట్టా మీద పని జరుగుతోందని సిగ్నలు ఎర్రగా ఉంది. రెండు చప్పుళ్లూ విన్నాడు. విని పోనిచ్చాడు.

తరవాత దిగి, వెనక్కి నడిచి, పేలిన రేకులు రెండూ పట్టా మీంచి ఒలిచాడు. జోడీని తాకిన చేతి నుంచి వాటికి అంటుకున్నది వేలితో గీకాడు. తిండి డబ్బా ఖాళీ చేసి అందులో దాచాడు. డ్యూటీ దిగాక రేకుల్ని షెడ్డు పాయఖానాలో పారేశాడు. భార్య డబ్బా తోమింది. "ఇందులో ఏం పెట్టావయ్యా, ఎంత తోమినా కంపు పోదే" అంది. మర్నాడు అందులోనే రొట్టెలు పెట్టి ఇచ్చింది. తిన్నాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ తిన్నాడు. మనిషన్నవాడికి గొంతు దిగుతుందా అది? దిగింది.

"నాన్నా." కూతురు వంగి అతని కళ్లలోకి చూసింది. "నాకొక్కటి చెప్పు. ఆ రోజు టపాకాయలు పేలాయా?"

చెప్పేస్తే సరిపోయేది. జోడీ పేరు కడిగినట్టయ్యేది. కానీ ఆ పిల్ల ముఖం... చిన్నప్పుడు ఇంజనెక్కి, మా నాన్న అని అందరికీ చూపించిన ముఖం. అది తన వంక రోతగా చూస్తే తట్టుకోలేడు.

"లేదు" అన్నాడు. "తీగల్లో ఏదో లోపం. నీ మిషన్లే అంత."

"నేనూ అదే అనుకున్నా" అన్నాడు మాస్టారు ఆత్రంగా. అతనికి ఆ గదిలోంచి బయటపడితే చాలు. కాగితం ముందుకు తోశాడు. డ్రైవరు సంతకం పెట్టాడు. ఆ అబద్ధం నలభై ఏళ్ల అలవాటు. మాస్టారు కాగితం ఊదుకుంటూ వెళ్లిపోయాడు.

కూతురు కంప్యూటరు ఆపేసింది.  సంచీలోంచి తిండి డబ్బా తీసింది. తల్లి గుర్తుగా దాచుకున్న పాత స్టీలు డబ్బా. అంచున సొట్ట.

"తిను. పొద్దుట్నించి ఏమీ తినలేదు."

ఆ డబ్బాని అతను ఎప్పుడు చూసినా చూపు తిప్పుకుంటాడు. ఇవాళ వద్దంటే ఎందుకని అడుగుతుంది. రొట్టె తుంచి కూరలో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. ఒక ముద్ద మింగాడు. చల్లగా దిగింది. కూర వేడిగా ఉందే... అనుకుంటూ రెండో ముద్ద నమిలాడు.

పంటి కింద కర్రుమంది.

అరచేతిలోకి ఉమ్మాడు. ఉమ్ముతో, నలిగిన రొట్టెతో పాటు ఒక రేకు. పగిలి, మాడి, అంచుకి వంగిన సీసపు చెవి. దానికి చుట్టుకుని ఒక నెరిసిన వెంట్రుక.

కూతురు దాన్ని చూసింది. పాఠం కోసం పాత బొమ్మల్లో వందసార్లు చూసిన వస్తువు, ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. కుర్చీ వెనక్కి జరిపింది. ఆ జరపడం చూశాడు డ్రైవరు. దానికి భయపడే కదా అబద్ధమాడాడు.

ఆమె గొంతు గుసగుసగా వచ్చింది.

"ఆయన రెండు పెట్టేవాడన్నావు కదా... రెండోది ఏది నాన్నా?"

డ్రైవరు చెయ్యి దానంతటదే కడుపు మీదికి పోయింది. ఇందాక మింగిన ముద్ద ఇంకా చల్లగానే ఉంది. ఆనాడు రెండూ పేలాయి. మరి కడుపులో ఉన్నది పేలిందో, ఇంకా పేలనిదో...

ఏదో చెబుదామని నోరు తెరిచాడు.  ఆ మండుటెండ మధ్యాహ్నం, చెమట కారుతున్న ఆ గదిలో, అతని నోట్లోంచి తెల్లగా పొగమంచు వచ్చింది.