రేష్మా, పలకొద్దు

తప్పు నాదే. ఇంకొకరి మీదికి నెట్టే అలవాటు నాకు లేదు, అందుకే ముందే చెప్పేస్తున్నా.

గిద్దలూరు స్టేషన్ రోడ్డులో నాకు కంప్యూటర్లు రిపేరు చేసే చిన్న దుకాణం ఉంది. పట్నాల్లో వాడి పక్కన పడేసిన కంప్యూటర్లను దానంగా అడిగి తెచ్చి, పల్లె బడుల్లో పెట్టే పని మేము నలుగురైదుగురం కలిసి చేస్తుంటాం. జీతం లేదు, భత్యం లేదు, మా ఇష్టం. మాకు గట్టి నియమం ఒకటే. వచ్చిన ప్రతి కంప్యూటర్‌లో పాతవాళ్లది ఒక్క అక్షరం కూడా మిగలకుండా తుడిచేయాలి. తర్వాతే కొత్తగా అన్నీ ఎక్కించాలి. ఒక్కోదానికి సగం పూట పడుతుంది.

ఈసారి పది వచ్చినాయి. హైదరాబాద్ అవతల మూతపడిన ఒక హాస్టల్ బడివి. ఎందుకు మూతపడిందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. దసరా సెలవులిచ్చే రోజుకల్లా రాచర్ల అవతల ఒక పల్లె బడిలో బిగిస్తామని మాటిచ్చినాం. చూస్తే రెండు రోజులే ఉంది. ఒకటి తెరిచినా, అన్నీ చక్కగా పనిచేస్తున్నాయి. అందులో హాజరు ప్రోగ్రాం కూడా ఉంది. టీచరు గొంతుతో పిల్లల పేర్లు రికార్డు చేసిపెడితే రోజూ అదే పిలుస్తుంది, పిల్లలు మైకులో పలికితే హాజరు వేసుకుంటుంది. భలే ఉందే అనుకున్నా. అందులో ఉన్న నలభై పేర్లూ తీసేసి, ఆ కంప్యూటర్‌లో ఉన్నదంతా మక్కీకి మక్కీ తక్కిన తొమ్మిదింటిలోకి కాపీ కొట్టేసినా. తుడవలేదు. బద్ధకం, ఇంకేముంది!

శనివారం మధ్యాహ్నం విక్టరన్న వ్యానులో అన్నీ వేసుకొని పోయినాం. విక్టరన్న రైల్వేలో రిటైరైన మనిషి, నా కంటే ఇరవై ఏళ్లు పెద్ద. నా కూతురు రేష్మాకి ఎనిమిదేళ్లు. వద్దంటే వింటుందా, ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

"ఏంది సాజిదమ్మా, ఈ పిల్ల నీకంటే బాగా వైర్లు బిగిస్తాంది. దుకాణం దీనికిచ్చేసి నువ్వు వంట చూసుకోరాదా?" అని విక్టరన్న ఆటపట్టించినాడు.

"నా వంట తింటే నువ్వు ఆ మాట అనవులే అన్నా" అన్నా.

పిల్లలు, టీచర్లు అప్పటికే వెళ్లిపోయినారు. బడిలో మిగిలింది ఆయా అన్నమ్మ ఒక్కతే. తాళాలు కొంగుకు కట్టుకొని, ఎప్పుడు పోతార్రా నాయనా అన్నట్టు గడపలో కూర్చుంది. నాలుగు గంటలకు నల్లమల వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. చూస్తుండగానే గదిలో మనిషి మొహం ఆనకుండా పోయింది. తడిమట్టి వాసన, పాత సుద్దముక్కల వాసన. రేకుల మీద చినుకులు మొదలైనాయి.

సందెపడే వేళకు పదీ ఆన్ చేసినా. వెంటనే కరెంటు పోయింది. పైన ఫ్యాను మెల్లగా ఆగింది. కంప్యూటర్లు మాత్రం మేము తెచ్చిపెట్టిన బ్యాటరీ మీద నడుస్తున్నాయి. ఆ నీలం వెలుగే గదికి దీపం.

ఎవరూ ముట్టుకోకుండానే మొదటి కంప్యూటర్‌లో హాజరు ప్రోగ్రాం తెరుచుకుంది.

"కృష్ణకుమారి..."

ఆడమనిషి గొంతు. అలసిపోయిన గొంతు. నేను తీసేసిన పేరు అది.

"ప్రెజెంట్ టీచర్."

నాలుగో కంప్యూటర్ నుంచి వచ్చింది జవాబు. చిన్నపిల్ల గొంతు.

"యోబు..."

"ప్రెజెంట్ టీచర్." ఇది ఏడోదాంట్లో నుంచి.

పాత రికార్డింగేలే, సరిగ్గా చెరిపి ఉండనని నాకు నేనే చెప్పుకున్నా. కానీ ఒక్కో పేరుకూ గదిలో వాసన పెరుగుతాంది. కొబ్బరినూనె రాసి జడలేసిన తలల వాసన. చెమట పట్టిన యూనిఫాంల వాసన. నిండిన తరగతి గదిలో ఉండే వాసన... ఖాళీ గదిలో.

"ఆపేయ్ అన్నా" అని గుసగుసగా అన్నా.

విక్టరన్న బ్యాటరీ వైర్లు పట్టి లాగేసినాడు. పది తెరలూ ఆరిపోయినాయి. చీకటి.

"కాశమ్మ..."

"ప్రెజెంట్ టీచర్."

గొంతు ఆగలేదు! విక్టరన్న చేతిలో వైర్లు అట్లే ఉన్నాయి.

తర్వాత కాగితం తిప్పిన చప్పుడు.

"షేక్ రేష్మా..."

నా బిడ్డ పేరు ఆ కంప్యూటర్లలో ఎక్కడా లేదు. అల్లా సాక్షిగా లేదు.

"పలకొద్దు... పలకనియ్యొద్దు తల్లీ" అని గడపలోంచి అన్నమ్మ గొణిగింది. "సందెపూట తెలీని గొంతు పిలిస్తే పలకగూడదు."

రేష్మాను వెనకనుంచి పొదివి పట్టుకొని నోరు మూసినా. పేరు పిలిస్తే పలకడం బడిపిల్లలకు ఊపిరంత అలవాటు. నా అరచేతి కింద దాని పెదాలు కదులుతున్నాయి. ఇంకా గట్టిగా మూసినా.

"షేక్ రేష్మా..."

చినుకులు ఆగినాయి.

"షేక్ రేష్మా..."

"ప్రెజెంట్ టీచర్."

చివరి బెంచీ దగ్గరనుంచి వచ్చింది. రేష్మా గొంతే. నా బిడ్డ గొంతు నాకు తెలీదా! కానీ దాని నోరు నా చేతి కిందే ఉంది...

"కూర్చో" అనింది టీచరు.

నా చేతుల్లో రేష్మా మోకాళ్లు మడిచి కింద కూర్చుంది.

ఎట్ల ఎత్తుకున్నానో, వ్యానులో ఎట్ల పడినానో నాకు గుర్తు లేదు. కంప్యూటర్లు, సంచులు, నా చెప్పులు అన్నీ అక్కడే వదిలేసి వచ్చేసినాం.

ఇంటికొచ్చినాక రేష్మా మామూలుగానే ఉంది. తిన్నది, ఆడుకున్నది, నా మీద కాలేసి పడుకున్నది. నాలుగు రోజులకు నాకూ ధైర్యం వచ్చింది. బిడ్డను కాపాడుకున్నా, అంతే చాలు అనుకున్నా.

నిన్న పొద్దున అన్నమ్మ ఆటోలో దిగింది. దుకాణం లోపలికి రాలేదు. మెట్ల మీదే నిలబడింది.

"అమ్మా, నువ్వు పాపను ఎత్తుకొని వ్యానెక్కడం నా కళ్లారా చూసినా. తాళం వేద్దామని గదిలోకి పోతే... చివరి బెంచీ మీద కూర్చోనుంది."

"ఎవరు?" అన్నా.

"నీ బిడ్డే. లెయ్యమంటే లెయ్యలేదు. టీచర్ చెప్పలేదు అంటది. అన్నం పెడితే తింటది. చీకటి పడితే అమ్మీ, అమ్మీ అని ఏడుస్తది. సెలవులు గదా, బడికి ఎవరూ రారు. యేసయ్యా అని ప్రార్థన చేసుకుంటా నాలుగు రోజులు గమ్మునున్నా. ఇంక నా వల్ల కాదు. ఆ ఏడుపు దెయ్యం ఏడుపు కాదమ్మా. నేను ఆరుగురిని కన్నదాన్ని."

చిన్న కాగితం పొట్లం నా చేతిలో పెట్టింది. "తెల్లారి దానికి పన్ను ఊడింది. మా అమ్మీకియ్యి, నేను ఇక్కడ ఉన్నట్టు నమ్ముతది అనింది."

పొట్లం విప్పినా. పాలపన్ను.

పిడికిలి బిగించి, చెయ్యి వెనక్కి దాచి దుకాణం వెనకున్న ఇంట్లోకి పోయినా. రేష్మా చాప మీద బొమ్మలేసుకుంటాంది. ఇది నా బిడ్డ కాకపోతే, నా బిడ్డను నేనే వదిలేసి వచ్చినట్టు. ఇదే నా బిడ్డయితే, అక్కడికి పోయి తెచ్చుకునేది ఏంది?

"నోరు తెరువు బిడ్డా."

తెరిచింది. కింది వరుసలో ముందు పన్ను లేదు. గంట ముందు రొట్టె తినేటప్పుడు ఉంది, నేనే చూసినా. చిగురు మీద నెత్తురు ఇంకా తడిగానే ఉంది.

"పన్ను ఎప్పుడు ఊడింది? ఏదీ అది?"

రేష్మా బొమ్మ మీదనుంచి తల కూడా ఎత్తలేదు.

"నీ చేతిలోనే ఉంది గదా అమ్మీ."