తెగని ఆకుపచ్చ గీత

లోపలికి వచ్చిన మనిషి కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఉతికిన చొక్కాయే తొడుక్కున్నాడు గానీ గోళ్ళ సందుల్లో నల్లటి నూనె అలాగే ఉండిపోయింది.

"లేత్ మిషన్ మీద పనిచేస్తారు కదూ? కూర్చోండి, మేస్త్రీ," అంది సర్వేయరమ్మ.

ఇన్సూరెన్సు కంపెనీ తరఫున ఇరవయ్యేళ్ళ పాటు తగలబడిన గోదాములూ, కూలిన షెడ్లూ పరీక్షించి, ఆనక సొంతంగా నేర పరిశోధన మొదలుపెట్టిన మనిషి ఆవిడ. ఉద్యోగం పోయినా ఆ పేరు పోలేదు. పక్క బల్ల దగ్గర నోట్సు రాసుకునేవాడు ఆవిడ సహాయకుడు. లా చదివాడు కానీ కోర్టు గుమ్మం తొక్కలేదు. అందుకే ఆవిడ అతన్ని ప్లీడరూ అని పిలుస్తుంది. అతనికి అది వెక్కిరింపని తెలుసు. అయినా ఆవిడ పిలిస్తే బాగానే ఉంటుంది.

"మా అమ్మాయి రోబోను చెడగొట్టిందంటున్నారమ్మా," అన్నాడు మేస్త్రీ. "అయిదుగురు పిల్లల జట్టు. జిల్లా కప్పు కూడా గెలిచారు. మొన్న రాష్ట్ర పోటీ సెమీఫైనల్లో, ఆట మధ్యలో రోబో చెయ్యి ఊడి కిందపడింది. బోల్టులు మా అమ్మాయే వదులు చేసిందట. రేపు నాలుగింటికి మీటింగు. సస్పెండ్ చేస్తే కాలేజీ సీటు పోయినట్టే. రెండ్రోజుల్నించి అన్నం ముట్టడం లేదు."

"ఇంకేమైనా చెప్పాలా?"

ఆయన చేతులకేసి చూసుకున్నాడు. "లేదమ్మా."

మర్నాడు ఉదయం ఇద్దరూ స్కూలు వర్క్‌షాపుకు వెళ్ళారు. పొడుగాటి గది. గోడకు పనిముట్ల బొమ్మలు గీసి, ఏ బొమ్మ మీద ఆ పనిముట్టే తగిలించారు. రోబో బల్ల మీద ఉంది, ఊడిన చెయ్యి పక్కనే. చేతిని మోటారుకు పట్టి ఉంచే అల్యూమినియం బిళ్ళకు నాలుగు బోల్టులు. రెండు రాలిపోయాయి, రెండు ఇంకా అలాగే ఉన్నాయి. ఉన్నవాటి తల మీంచి బిళ్ళ మీదికి సన్నగా ఆకుపచ్చ గీత.

"ఇదేమిటి?"

జట్టు కెప్టెన్ చెప్పాడు. పొడుగ్గా, ఇస్త్రీ మడత చెక్కుచెదరకుండా ఉన్నాడు. "బోల్టు బిగించగానే దానిమీంచి గీత గీస్తాం మేడమ్. బోల్టు కదిలితే గీత విరిగినట్టు కనబడుతుంది. ప్రతి ఆటకు ముందూ గీతలు చూసుకుంటాం. ఒక్కొక్కరిదీ ఒక్కో రంగు. ఆకుపచ్చ స్పానర్‌ది."

"స్పానర్?"

"మేస్త్రీ గారమ్మాయి. ఎప్పుడూ జేబులో స్పానరే. దానికి దువ్వెన కూడా అదే."

"సెమీస్ ముందు గీతలు చూసిందెవరు?"

"నేనే. నాలుగూ తిన్నగా ఉన్నాయి. అంటే బోల్టులు వదులు చేసి, పాత గీత తుడిచి, కొత్తది గీశారన్నమాట. ఆకుపచ్చ మార్కరు దాని దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు."

"చేత్తో తిప్పి చూశావా?"

కెప్టెన్ తెల్లబోయాడు. "గీత ఉన్నాక తిప్పడమెందుకండీ?"

సర్వేయరమ్మ మిగిలిన బోల్టును వేలితో తాకింది. వదులుగా కదిలింది. గీత మాత్రం తిన్నగానే ఉంది. భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. "ఈ గీత మీంచి ఏటవాలుగా నల్లటి గీరు ఉందే?"

"మొదటి రౌండులో వేరే రోబో గుద్దింది మేడమ్. అప్పుడు పడింది."

"రాసుకో, ప్లీడరూ."

స్పానర్‌ను కిటికీ పక్కన బల్ల దగ్గర అడిగారు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బాయి కానీ మాట తొట్రుపడలేదు.

"పొద్దున మూడో ఆట అవగానే కెప్టెన్ ముందే కీ పెట్టి చూశా, నాలుగూ బిగుతుగానే ఉన్నాయి. తర్వాత లంచ్. ప్రాజెక్టు పుస్తకం జడ్జీల టేబుల్ దగ్గర ఇచ్చి రమ్మని మాస్టారు పంపించారు. వెళ్తే, ఇప్పుడు తీసుకోం, ఫైనల్‌కు వెళ్ళిన జట్లవే తీసుకుంటాం అన్నారు. ఇవ్వకుండా రావద్దని మాస్టారు గట్టిగా చెప్పారు కదా, అక్కడే కూర్చున్నా. మా ఆట పిలిచాక పరిగెత్తుకుంటూ వచ్చా. నా చేత్తో ఒకసారి బిగించి చూసుకునే టైము కూడా దొరకలేదు."

"నువ్వు చేత్తో చూస్తావా?"

"నేను గీతను నమ్మనండీ. అందరూ నవ్వుతారు."

ఆవిడ ప్రాజెక్టు పుస్తకం తెప్పించుకుంది. ప్రతి భాగం తయారవుతున్నప్పుడు తీసిన ఫొటోలున్నాయి. ఎవరు కోశారు, ఎవరు రంధ్రం వేశారు, అన్నీ. బిళ్ళ పేజీలో మాత్రం చేత్తో వేసిన బొమ్మ ఒక్కటే.

"ఇది ఎవరు చేశారమ్మా?"

"కెప్టెన్ అనుకున్నా. వాడేమో నేననుకున్నాడట. మాస్టారు తెచ్చి బల్ల మీద పెట్టారు."

ఫిజిక్స్ మాస్టారు నెమ్మదైన మనిషి. మాటకు ముందు కళ్ళజోడు తుడుచుకుంటాడు. "బంగారంలాంటి పిల్ల, మేడమ్. కెప్టెన్‌తో పడదు, అదే కొంప ముంచింది. లంచ్‌లో మిగతా పిల్లలు క్యాంటీన్‌కు పోయారు. రోబో దగ్గర నేనే ఉన్నాను. చేతులు కడుక్కోవడానికి పదినిమిషాలు వెళ్ళుంటాను. ఈలోగా వచ్చి ఉంటుంది."

"మీరు రోబోను ముట్టుకోరా?"

"అయ్యో! పెద్దవాళ్ళు చెయ్యి పెడితే జట్టునే తీసేస్తారు. రూలు."

బయటికి వస్తూ ప్లీడరు ఆగలేకపోయాడు. "ఆ కెప్టెనే అయ్యుంటాడండీ. ఆ పిల్లంటే మంట."

"మంట ఉన్నవాడు తన రోబోనే తగలబెట్టుకుంటాడా? పోటీ వాళ్ళకు ఫోన్ చెయ్యి. రెండే రెండు సంగతులు కనుక్కో."

నాలుగింటికి ప్రిన్సిపాల్ మేడమ్ గదిలో అందరూ కూర్చున్నారు. పిల్లలు అయిదుగురూ గోడ పక్కన నిలబడ్డారు. నలుగురు ఒకచోట, స్పానర్ ఒక్కతే ఒకచోట. మేస్త్రీ తలుపు దగ్గరే ఉండిపోయాడు.

సర్వేయరమ్మ రోబోను బల్ల మీద పెట్టించింది.

"గీత తుడిచి మళ్ళీ గీశారన్నది మీ అందరి లెక్క. ఈ భూతద్దంలో చూడండి. మొదటి రౌండు నాటి గీరు రంగు మీదే ఉంది, బోల్టు తల మీంచి బిళ్ళ దాకా వరసగా. కొత్తగా గీసి ఉంటే ఆ గీరు కొత్త రంగు కింద ఉండేది. ఇది పాత గీతే. దీన్ని ఎవరూ ముట్టుకోలేదు."

"మరి బోల్టు ఎలా వదులైంది మేడమ్?" అన్నాడు కెప్టెన్.

ఆవిడ రోబోలో వేరేచోట గట్టిగా ఉన్న బోల్టుకు బిగించే కీ పెట్టి తిప్పింది. గీత విరిగింది. ఇంకా తిప్పింది. సరిగ్గా ఒక చుట్టు పూర్తయ్యేసరికి రెండు ముక్కలూ మళ్ళీ తిన్నగా కలిశాయి. బోల్టు మాత్రం వేలికి ఆడుతోంది.

కెప్టెన్ ముందుకు వంగి తనే వేలితో ఆడించి చూశాడు.

"మార్కరు అక్కర్లేదు. మీరు గీతనే నమ్ముతారని తెలిసినవాళ్ళయితే చాలు. పొద్దున కెప్టెన్ ముందే స్పానర్ కీ పెట్టి చూసింది, అప్పుడు బిగుతుగానే ఉన్నాయి. లంచ్ అయిన వెంటనే సెమీస్. కాబట్టి జరిగింది లంచ్‌లోనే. నలుగురు పిల్లలు క్యాంటీన్‌లో ఉన్నారు. స్పానర్ జడ్జీల టేబుల్ దగ్గరనుంచి లేవలేదని అక్కడి ఉద్యోగి మా ప్లీడరుకు చెప్పాడు. పుస్తకాలు సెమీస్ తర్వాతే తీసుకుంటారన్న నోటీసు ఆ పొద్దునే ఇచ్చారు. అందుకున్నట్టు సంతకం పెట్టింది మీరే, మాస్టారూ. తీసుకోరని తెలిసీ పిల్లను ఎందుకు పంపారు? చేత్తో తిప్పి చూసేది తనొక్కతే కాబట్టి."

మాస్టారు కళ్ళజోడు తీశాడు. తుడవలేదు.

"ఆయన మా జట్టును ఎందుకు ఓడిస్తారు?" కెప్టెన్ గొంతు పెరిగింది.

"అదే నోటీసులో ఇంకో ముక్క ఉంది. ఫైనల్‌కు వెళ్ళిన జట్టు ప్రతి భాగాన్నీ తామే ఎలా చేశారో జడ్జీల ముందు చూపించాలి. ఈ బిళ్ళ అంచు చూడండి. ఇంత నున్నగా తీయడం పదిహేనేళ్ళ చేతికి రాదు. దీన్ని చేసింది..."

"నేనేనమ్మా," అన్నాడు మేస్త్రీ తలుపు దగ్గర్నుంచి.

స్పానర్ తలెత్తి తండ్రిని చూసింది.

"మాస్టారు అడిగారు. చిన్న సాయం, పిల్లలతో అనొద్దన్నారు. రూలు సంగతి నాకు తెలీదు. మొన్న స్కూలు నుంచి మీటింగు కాగితం వచ్చాక అనుమానమేసింది. చెబితే అమ్మాయికే చుట్టుకుంటుందేమోనని నోరు మూసుకున్నాను."

మాస్టారు నేలకేసి చూస్తూ మాట్లాడాడు. "ఫైనల్లో దొరికితే స్కూలు పరువు పోయేది. ఓడిపోతే ఎవరికీ ఏమీ కాదనుకున్నాను. కెప్టెన్ గీతలు చూశానని, వాటంతట అవి ఊడవని పట్టుబట్టాడు. ఎవరో ఒకరి పేరు చెప్పాల్సి వచ్చింది."

"ఎవరో ఒకరు కాదు," అంది సర్వేయరమ్మ. "ఏ పిల్ల తండ్రి నోరు తెరవలేడో, ఆ పిల్ల పేరు."

ప్రిన్సిపాల్ మేడమ్ సస్పెన్షన్ కాగితం చింపేసింది. మాస్టారిని బయట కూర్చోమంది. తర్వాత పెన్ను మూత తీసి తెల్ల కాగితం ఒకటి ముందుకు లాక్కుంది. "పోటీ వాళ్ళకు రాయక తప్పదు. జిల్లా కప్పు కూడా వెనక్కి ఇచ్చెయ్యాలి. అయిదుగురి సర్టిఫికెట్లూ రద్దవుతాయి. నీది కూడానమ్మా."

పిల్లలు బయటికి నడిచారు. వరండాలో కెప్టెన్ స్పానర్ దగ్గర ఆగాడు. అరవలేదు. అరిచినా బాగుండేదని ప్లీడరుకు అనిపించింది.

"ఒప్పేసుకుని ఉంటే నీ ఒక్కదానికే పోయేది," అన్నాడు. మిగతా ముగ్గురూ అటు చూడకుండా అతని వెంట వెళ్ళారు.

ప్లీడరు ముందుకు అడుగు వేయబోతే సర్వేయరమ్మ చేత్తో ఆపింది. "మన పని తేల్చడం వరకే," అంది. ఆ గొంతులో గెలిచిన మనిషి లేదు.

తండ్రీ కూతుళ్ళు మెట్లు దిగుతున్నారు.

"ఎన్నాళ్ళు పట్టింది నాన్నా, ఆ బిళ్ళకి?"

"మూడు ఆదివారాలు."

"ఆ ఆదివారాలు నన్ను షెడ్డుకు రావద్దన్నావ్."

"చదువుకుంటావని... నీ చేతులకు ఈ నూనె ఎందుకని..."

"పక్కన నిలబెట్టుకుని నేర్పితే నేనే చేసేదాన్ని నాన్నా. వంకరగా వచ్చేదేమో. అయినా మాదే అయ్యేది."

ఆమె చివరి మెట్టు దిగి, ఆయన కోసం ఆగకుండా, గేటు వైపు నడిచింది.