ఎండాల్సిన మడి

“వరికి సూది మందు ఇస్తున్నవా?”

ఆ గొంతు విని అఖిల చేతిలోని సిరంజి ఆగింది. మిర్యాలగూడ పక్క పొలంలో, వరి కుదుళ్ల మీద బోర్లించిన అద్దాల పెట్టె ముందు వంగి ఉందామె. ఒడ్డు మీద పార పట్టుకుని ఒకతను.

“మందు ఇస్తలేను. గాలి గుంజుతున్న. మీరెవరు?”

“పొలం మాది. నన్నే అడుగుతున్నవా? నిఖిల్ నా పేరు.”

“దామోదర్ సార్ మా గైడ్‌కు రెండు మళ్లు ఇచ్చిన్రు. మీ నాయినను అడుగుండ్రి.”

అఖిల సూర్యాపేటలో ఎమ్మెస్సీ చదువుతోంది. వాతావరణ మార్పు మీద ప్రాజెక్టు. గైడ్ అహల్య మేడం. నీళ్లు నిలిచిన మడి అడుగున బురద కుళ్లి మీథేన్ పుడుతుంది. భూమిని వేడెక్కించే వాయువు అది. ఒక మడిలో ఎప్పుడూ నీళ్లుంచాలి, రెండోదాన్ని మధ్యమధ్య ఎండబెట్టాలి. దేన్నుంచి ఎంత లేస్తుందో కొలవాలి.

గుంజిన గాలిని ఆమె చిన్న సీసాలోకి ఎక్కించింది.

“ఆ సీసాల ఏమున్నది? ఖాళీగనే ఉన్నది గదా.”

“కనపడదు.”

“కనపడనిదానికి ఇంత ఎండల నిలబడుడా?”

“కనపడేదైతే మీరే కొలిచెటోళ్లు.”

నిఖిల్ నవ్వాడు. ఆ తర్వాత ఆమె వచ్చిన ప్రతిసారీ పెట్టె మోయడానికి తయారయ్యేవాడు. ప్రశ్నలు మాత్రం ఆగవు. పొద్దున ఎక్కువ లేస్తదా, మధ్యాహ్నమా? బురదల పురుగులు ఊపిరి ఇడిస్తే అది గూడ కలుస్తదా? కొన్నింటికి జవాబు తెలియక అఖిల లైబ్రరీలో వెతికేది. చదివితే జీతమెంతొస్తుందని అడిగినవాళ్లే అందరూ. ఏం చదువుతున్నావని అడిగినవాడు ఇతనొక్కడే.

ఒకసారి ఆమె వారం పాటు సూర్యాపేటలో ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి ఎండాల్సిన మడి నిండా నీళ్లు.

“ఎవరు పెట్టిన్రు?”

“నేనే.” మెడల్ గెలిచినవాడిలా నిలబడ్డాడు నిఖిల్. “కాలువ బంద్ పెడుతరన్నరు. నీ మడేమో నెర్రెలు బారింది. పాణం ఊకోలే. మడవ తిప్పి కాలువ నీళ్లు ఇడిసిన.”

సాగర్ కాలువ కింద పుట్టినవాడికి నెర్రెలు బారిన మడి పక్కన ఊరికే నిలబడటం చేతకాదు. ఏ బడీ అది నేర్పదు.

అఖిల ఒడ్డు మీద కూలబడింది. “నా ప్రాజెక్టు ఖతం. రేపు మేడం వస్తది.”

“వాన పడ్డదని చెప్పు.”

“ఒక్క మడిలనే పడ్డదా వాన?”

మర్నాడు అహల్య మేడం నీళ్లను చూసింది. “ఇదేంటి అఖిలా?”

అఖిల నోరు తెరిచేలోపే నిఖిల్ ముందుకొచ్చాడు. “నేను పెట్టిన మేడం. ఆమెకు తెల్వదు. ఆమె పొలం ఎండుతుంటే సూడలేకపోయిన.”

“పొలం నీది కదా?”

నిఖిల్ వంగి పారకంటిన మట్టి గీకసాగాడు. అఖిల మడిలో వాలిన కొంగల వైపు చూసింది.

“ఈ రీడింగులు పనికిరావు,” అంది మేడం. “వచ్చే యాసంగి పంటకు మళ్లీ మొదలు. నీ డిగ్రీ ఆరు నెలలు వెనక్కి పోతుంది. వేరే రైతును చూస్తాను.”

“వద్దు మేడం. ఈడనే చేస్త.”

“ఇతన్ని నమ్ముతావా?”

“ఎందుకు పెట్టిండో అర్థమైంది. మళ్ల పెట్టకుండ ఆగుతడా లేదా, అది తెలుసుకోవాలె.”

యాసంగి వచ్చింది. మడి మళ్లీ నెర్రెలు బారింది. పక్క కాలువలో నీళ్లు పారుతుంటే దామోదర్ పార పట్టుకొచ్చాడు. మడవకు అడ్డంగా కొడుకు నిలబడ్డాడు.

“నీళ్లు పోతున్నయ్ రా. పాగల్ అయినవా?”

“ఆగు నాయినా. ఎండాలె.”

“నీ కండ్లు గూడ ఆ నీళ్ల మీదనే ఉన్నయ్ గదరా.”

“ఉండనీ. తిప్పను.”

దామోదర్ కొడుకును చూశాడు. మడిలో పెట్టె సర్దుతున్న అమ్మాయిని చూశాడు. పార కింద పెట్టాడు.

“పిల్లా, మీ నాయిన పేరేంది?”

“మంగ్త్యా. మఠంపల్లి కాడ తండా మాది.”

మన ఊళ్లలో చదువు కన్నా కులమే తొందరగా అర్థమవుతుంది. దామోదర్‌కూ అర్థమైంది. కింద పెట్టిన పారను భుజానికెత్తుకున్నాడు.

“కోతలైనంక సంబంధం మాట్లాడ మీ ఇంటికొస్తమని చెప్పు.”

ఆయన వెళ్లాక కూడా నిఖిల్ తలెత్తలేదు. “నువ్వేం అంటవ్?”

“చెయ్యి ఇటియ్యి.”

అతను చాపిన చేతిని అఖిల తన మట్టి చేత్తో గట్టిగా పట్టుకుంది. నీళ్లు మడవ దగ్గర కాసేపు తచ్చాడి, కింది పొలానికి వెళ్లిపోయాయి.