పొడిముద్ర

వారిజ లేజర్ కడ్డీని స్పిరిట్ గుడ్డతో తుడిచి, కొత్త తొడుగు ఎక్కించి, తెర వెనక మనిషి బల్ల మీద సర్దుకునేదాకా ఆగింది. గోడలోంచి, పరీక్షలు నడిపే యంత్రం ఉజ్వల గొంతు వినిపించింది.

"దయచేసి మూడుసార్లు దగ్గండి."

తెర వెనక పొడిదగ్గులు. నడుముకున్న తడిపట్టీ మీద దీపం ఆకుపచ్చగానే ఉంది. "పొడి. చికిత్స విజయవంతం. ముద్ర మంజూరైంది," అంది ఉజ్వల. ఆ మనిషి చీర సర్దుకుని, మణికట్టు మీద వెలిగిన పొడిముద్రను ఒకసారి చూసుకుని, రేవు వైపు పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. ముద్ర లేకపోతే పడవ గేటు తెరుచుకోదు.

సముద్రం పాత ఉప్పాడను తినేశాక మిగిలిన ఒడ్డున, వారిజ పనిచేసే ఈ కాంతిశాల ఒక్కటే కొత్త కట్టడం. దాని కిటికీలోంచి చూస్తే దూరంగా నాచుమడులు కనిపిస్తాయి. తెప్పల మీంచి వేలాడే తాళ్లకు పెరిగే ఆ నాచులోంచే నగరాలకు నూనె, ఎరువు, మందుబిళ్లల పూత వస్తున్నాయి. తెప్ప మీద మరలు తిప్పేది మగవాళ్లు. నానిన తాళ్లను నాచు తెగకుండా పైకి లాగేది ఆడవాళ్లు. వాళ్ల చేతులు సున్నితం కాబట్టి అని ఆ మడులు నడిపే సంస్థ చెబుతుంది. ఆ తాళ్ల బరువు మాత్రం ఏమంత సున్నితం కాదు.

కాన్పులైన ఒళ్లు ఆ బరువు లాగితే ఏమవుతుందో చెప్పడానికి వైద్యశాస్త్రం అక్కర్లేదు. కటి కండరాలు సడలుతాయి. దగ్గినా, తుమ్మినా, తాడు లాగినా మూత్రం జారుతుంది. కొందరికి గర్భసంచి కిందికి దిగుతుంది. ఒక్క చుక్క పడినా పంట చెడిపోతుందని సంస్థ ప్రతి ఆడమనిషి నడుముకూ తడిపట్టీ కట్టింది. ఆ నీళ్లలోనే చేపలు ఏం చేస్తాయో, తెప్పల మీద కొంగలు ఏం చేస్తాయో సంస్థ ఎప్పుడూ విచారించలేదు. పట్టీ ఎర్రబడితే లేజర్. లేజర్ తర్వాత దగ్గు పరీక్ష. పొడిగా ఉంటే మళ్లీ తాడు. కాంతిశాల గోడ మీద విజయాల శాతం ఎప్పుడూ పండగ దీపంలా వెలుగుతూనే ఉంటుంది.

"తర్వాత, నూకరత్నం. కాంతి విడత," అంది ఉజ్వల.

నూకరత్నం ఈ గదికి కొత్త కాదు. ఎవరూ చెప్పకుండానే తెర వెనక్కి వెళ్లి, బల్లెక్కి, మోకాళ్లు మడిచి, కళ్ల మీద మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. వారిజ దీపం దగ్గరికి లాగి చూసింది. చూసి, కడ్డీని పక్కన పెట్టేసింది. కండ తెల్లబడి ఉంది. పాత కాంతి తగిలిన చోటల్లా పలచబడి, మచ్చకట్టి, ముట్టుకుంటే చిట్లేలా ఉంది.

"మళ్లీ ఎప్పుడు ఎర్రబడింది రత్నమక్కా?"

"నిన్నండి. మూడో తాడు లాగుతుంటేనండి. అందరి ముందూ పట్టీ కూత పెట్టేసింది." ఆమె మోచెయ్యి తియ్యలేదు. "మీరు కానిచ్చెయ్యండి లేజరమ్మగారూ. మంటగా ఉంటాది, ఓర్చుకుంటాను."

"ఇంకోసారి కాలిస్తే పుండవుతుంది. ఆ తర్వాత నడవడమే కష్టం." వారిజ గోడ వైపు తిరిగింది. "ఉజ్వలా, ఈ విడత వాయిదా వెయ్యి."

"కాంతి విడత, లేదా ముద్ర రద్దు. మరో అవకాశం లేదు."

నూకరత్నం గబుక్కున లేచి కూర్చుంది. "రద్దు వద్దండి. తాడు పోతే ఇంకేటుందండి ఇక్కడ? వలలేసే చోటల్లా మడులే కట్టేశారు. కాల్చెయ్యండమ్మా. నా ఒళ్లేగా."

నా ఒళ్లేగా. ఆ మాట వారిజకు ఎక్కడో తగిలింది. ఎవరి ఒళ్లని కాపాడటానికి ఈ గదిలో జీతం తీసుకుంటోందో ఆ మనిషే కాల్చెయ్యమని బతిమాలుతోంది. మాట తప్పించడానికన్నట్టు బల్ల పక్కనున్న గ్లాసు అందించింది. నూకరత్నం చెయ్యి చాచలేదు. పెదాలు ఎండి పొలుసులు కట్టి ఉన్నాయి.

"తాగండి."

"ఇప్పుడా? డ్యూటీ రోజు ఎవరు తాగుతారండి? రాత్రి అన్నంలో తాగింది తాగిందే. మళ్లీ దిగాకేనండి."

"రోజూనా?"

"అందరూ అంతేనండి. తెప్ప మీద వెళ్లడానికి చోటెక్కడుందండి? మగోళ్లంటే ఆ చివరికెళ్లి సముద్రం వైపు తిరుగుతారు. ఆళ్లకి పట్టీలు లేవుగా."

వారిజ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. దగ్గు పరీక్ష నిండు మూత్రాశయంతో చెయ్యాలని ఆమె చదువుకున్న రోజుల్లో మొదటి పాఠం. ఖాళీ కుండని వంచి, కారడం లేదు, చిల్లు పూడింది అని ఎవరైనా అంటారా? ఈ గదిలో ఇన్నాళ్లూ జరిగింది అదే. లేజర్ వల్ల వాళ్లు పొడిగా లేరు. దాహం వల్ల పొడిగా ఉన్నారు. ఆ దాహమే మూత్రాన్ని చిక్కబరిచి, మంట రేపి, మరింత ఆపుకోలేకుండా చేసి, మళ్లీ ఈ బల్ల మీదికి పంపిస్తోంది. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. ఇక్కడ పుండు చేసేదీ కాకే.

ఆమె తెప్పల పర్యవేక్షకుడు గంగాధరాన్ని గోడ మీది వీడియో తెర మీదికి పిలిచింది. ఆయన రేవులోనే, పడవ పక్కన నిలబడి ఉన్నాడు.

"తెప్పల మీద ఆడవాళ్లకి మరుగుదొడ్లు ఎందుకు లేవండీ?"

"అదేంటి మేడమ్, పొద్దున్నే? దొడ్డి పెట్టాలంటే తెప్ప డిజైనంతా మార్చాలి. అందుకే కదా లక్షణంగా లేజర్ తెచ్చి పెట్టాం. త్వరగా పంపండి, తాళ్లు బరువెక్కిపోతున్నాయి."

తెర ఆరిపోయింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. వెళ్లడానికి చోటివ్వరు, కారితే కాలుస్తారు. వారిజకు ఒళ్లు మండిపోయింది. ఆ కోపంలో కొంత తన మీద కూడా ఉంది.

ఉజ్వల పరీక్ష వరసలో మొదటి మెట్టు ఇంకా అలాగే ఉంది. టైము కలిసొస్తుందని ఎవరో దాన్ని నిద్రపుచ్చారంతే, తీసెయ్యలేదు. నిండు మూత్రాశయం, అవును లేక కాదు. దాన్ని మేలుకొలిపే అధికారం గదిలో పనిచేసే మనిషిదే.

వారిజ దాన్ని మేలుకొలిపి, నీళ్ల డ్రమ్మును వరండాలోకి లాగింది. బెంచీల మీద తిరుగు పరీక్షకు వచ్చిన ఆడవాళ్లు పట్టీలు కట్టుకుని కూర్చున్నారు. దాచకుండా చెప్పింది. ఇన్నాళ్లూ పరీక్ష తప్పుగా జరిగిందనీ, నీళ్లు తాగి దగ్గితే చాలామందికి దీపం ఎర్రబడుతుందనీ, ఎర్రబడితే ఇవాళ్టికి ముద్ర ఉండదనీ. తాగమని తను బలవంతపెట్టననీ.

ఆడవాళ్లు ఒకరి పట్టీ వైపు ఒకరు చూసుకున్నారు. మరిడమ్మ అనే పెద్దావిడ గొంతు సవరించుకుంది. "ఒకత్తి తడిస్తే దాని తాడు ఇంకోదానికిస్తారమ్మా. ఇంతకాలం అలాగే కదా మా నోళ్లు కట్టేశారు."

"అందరం తడిస్తేనో?" అంది గుమ్మంలోంచి నూకరత్నం.

ఆమె వచ్చి డ్రమ్ములో గ్లాసు ముంచింది. గుటక గుటకకీ గొంతు కదలడం అందరికీ కనిపించింది. మరిడమ్మ కాసేపు ఆమెనే చూసి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది. "ఆ గ్లాసిలా తేవే," అంది. తర్వాత ఇంకొకరు. గ్లాసులు చాలక చెంబులు తెచ్చారు.

నీళ్లు దిగేదాకా ఆగి, ఒక్కొక్కరినీ పిలిచింది వారిజ. "దయచేసి మూడుసార్లు దగ్గండి." ఎరుపు. మళ్లీ ఎరుపు. రెండు మూడు ఆకుపచ్చలు, మళ్లీ ఎరుపు. ఉజ్వల గొంతు ఏమీ మారలేదు. "పరీక్షా విధానం సరిచేయబడింది. గత ఫలితాలు చెల్లవు. గత ముద్రలు చెల్లవు." గోడ మీద విజయాల శాతం ఆరిపోయి, ఆ చోట నల్లటి చదరం మిగిలింది. అప్పటికే గేటు దాటి పడవెక్కి కూర్చున్నవాళ్ల మణికట్ల మీద వెలుగు కూడా పోయింది. ముద్రలేని మనుషులతో పడవ కదలదు. దాని హారన్ మోగడం మొదలైంది.

గంగాధరం తెర మీద ప్రత్యక్షమయ్యాడు. "మేడమ్, యంత్రం పాడైందా?"

"లేదండీ. ఇవాళే బాగైంది."

"చూడండి, నాచు కుళ్లిపోతుంది. ఆ మొదటి మెట్టు తీసేసి అందరికీ ముద్రలెయ్యండి. మీ ఉద్యోగానికి నేను పూచీ. మరుగుదొడ్ల సంగతి తర్వాత మాట్లాడదాం."

"తీసెయ్యను. ముందు తెప్పల మీద దొడ్లు కట్టించండి. అందాకా ఈ కడ్డీ ఎవరిమీదా వెలగదు," అంది వారిజ. లేజర్ తాళం తిప్పి కోటు జేబులో వేసుకుంది. 

కాంతిశాల మొత్తానికి సిబ్బంది కోసం కట్టిన మరుగుదొడ్డి ఒక్కటే ఉంది. దాని ముందు వరస వరండా దాటి ఇసకలోకి వెళ్లింది. పడవ దిగినవాళ్లు కూడా వచ్చి చేరారు. హారన్ మోగుతూనే ఉంది. ఎవరూ తొందరపడలేదు. నవ్వుకుంటూ, తోసుకుంటూ, తమ వంతు కోసం నిలబడ్డారు.

నూకరత్నం తలుపు తీసుకుని బయటికి వచ్చింది. రేవు వైపు ఒకసారి చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుని తిన్నగా డ్రమ్ము దగ్గరికి నడిచి, మరో గ్లాసు ముంచుకుంది.