ఏకపాఠం

కెజియా ముద్రపలక మీద అరచెయ్యి ఆనించింది. పలక పచ్చగా వెలిగి ఆరింది. రేవు నుంచి ఉప్పు ఓడ బయల్దేరిన మాట నిజమేనని ఒక మనిషి చూసి చెప్పినట్టయింది. తెరమీదికి మరో వార్తాకణం వచ్చింది: సంతలో మిరప ధర పడిపోయింది. దూరనేత్రంలో సంతను చూసింది, కొనేవాళ్లు లేక పడున్న మిరప రాశులు చూసింది, మళ్లీ చెయ్యి ఆనించింది. ఆ వెనకే ఇంకొకటి: చినలంక లాకులు ఈ మధ్యాహ్నం ఎత్తడానికి నిర్ణయమైంది. ఉత్తర్వు చూసింది, చెయ్యి ఆనించింది.

యూనివర్సిటీ సాక్ష్యశాలలో జర్నలిజం రెండో ఏడాది విద్యార్థులందరిదీ అదే పని. మాట్లాడక్కర్లేదు, రాయడం అసలే అక్కర్లేదు. కణం మీద మనిషి ముద్ర పడగానే ప్రవాహిని అనే యంత్రం దాన్ని అందుకుంటుంది. చదివేవాళ్ల ఊరు, వృత్తి, గుండెదడ చూసుకుని ఎవరి పాఠం వాళ్లకు అల్లి మణికట్టు తెరకు పంపుతుంది. డెల్టాలో ఎవరైనా ఇద్దరు ఒకే వార్త చదివి ఒక తరం దాటిపోయింది. కెజియా పాఠవిభజన చదివింది, ఆందోళనా గణితం చదివింది, రెంటిలోనూ మంచి మార్కులే తెచ్చుకుంది. పాఠకుడి కోసం మాత్రం ఇంతవరకు ఒక్క వాక్యమూ రాయలేదు.

లాకుల దగ్గర నీటిమట్టం గురించిన కణం వచ్చేసరికి తెరంతా తెల్లబడింది. వాన హోరుకు అక్కడి దూరనేత్రం మసకబారింది.

"సార్, కన్ను మూసుకుపోయింది," అంది కెజియా.

వెనక నిలబడి చూస్తున్న సుగుణాకర్ గారు తల పంకించారు. ఆ శాఖలో ఆయనే పెద్ద. "అయితే మనిషి వెళ్లాల్సిందే."

"నేనెళ్తాను సార్!" ఆమె లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. శాలంతా తలెత్తి చూసింది.

ఆయన నవ్వారు. "సరే, విను. చూడు, ముద్ర వెయ్యి, వచ్చెయ్యి. పాఠకులతో మాత్రం మాట్లాడకు. ఒకరి పాఠం ఇంకొకరికి తెలిస్తే రెండూ చెడతాయి."

ఆ మాట ఆయన ఊరికే అనలేదు. ఆయన చిన్నతనంలో ఒక పుకారును ఊరంతా ఒకేసారి చదివింది. తెల్లారేసరికి వాళ్ల వీధి సగం బూడిదైంది. ప్రవాహిని వచ్చాక డెల్టాలో ఏ వీధీ తగలబడలేదు. ఆ సంగతి ఆయన ఏటా కొత్త విద్యార్థులకు చెబుతారు.

తన్వీర్ జలబండి తీశాడు. కెజియాతోపాటే చదువుతున్నాడు గానీ, నేల మీదా నీళ్ల మీదా పరుగెత్తే ఆ బండంటేనే అతనికి ప్రాణం. కాలువగట్టు దాటగానే వానగాలి మొహాన కొట్టింది. కుళ్లిన గుర్రపుడెక్క, తడిసిన మట్టి, ఎక్కడో వేగుతున్న చేపలు. దూరనేత్రానికి వాసన తెలియదు. కెజియా బండి అంచు పట్టుకుని ముందుకు వంగి, నోరు తెరిచి నవ్వుతోంది.

"పడతావ్! లోపలికి జరుగు," అన్నాడు తన్వీర్.

"పడనీ. ఇదంతా ఇన్నాళ్లూ తెరలోనే చూశాం కదరా!"

లాకుల వంతెన మీద నిలబడితే రెండు ఊళ్లూ కనబడతాయి. ఎగువన మోపర్తిపాలెం చేలు. పొట్ట మీదున్న వరి నిలువునా మునిగి, ఆకుల కొసలు మాత్రం పైకి ఆడుతున్నాయి. దిగువన రెల్లుగడ్డ. కాలువకు ఆనుకుని పల్లంలో ఇళ్లు, గుంజల మీద వలలు కట్టుకునే చేపలవాళ్ల ఊరు. మధ్యలో ఇనుప తలుపులు. ఎగువ నీరు గట్టు అంచును తాకింది. కెజియా కళ్లారా చూసింది, వెంట తెచ్చుకున్న పలక మీద ముద్ర వేసింది. పని అయిపోయింది.

"ఏమ్మాయ్, యూనివర్సిటీ నుంచొచ్చావా?" చేపల గంప చంకన పెట్టుకున్న ఒక ఆడమనిషి దగ్గరికొచ్చింది. "నా పేరు వెంకాయమ్మ, మాది రెల్లుగడ్డ. వలలు ఎంతసేపు లోపలుంచుకోవాలో కాస్త చెప్పు తల్లీ."

మాట్లాడకూడదు. తన్వీర్ కనుసైగ చేశాడు కూడా. కానీ అడిగిన మనిషి ఎదురుగా నిలబడి ఉంది.

"వలలెందుకమ్మా లోపల?"

వెంకాయమ్మ మణికట్టు చాపింది. తెర మీద అక్షరాలు మెత్తగా వెలుగుతున్నాయి: రెల్లుగడ్డ తీరాన మధ్యాహ్నం నీరు కాస్త కదులుతుంది. వలలు లోపల పెట్టుకుని విశ్రాంతి తీసుకోండి.

"విశ్రాంతేగా, పిల్లల్ని పడుకోబెట్టొచ్చాను."

వంతెనకు అవతలి పక్క ఆనుకుని చేను చూసుకుంటున్న రైతు ఇటు తిరిగాడు. "అదేంటి, నాకట్టా రాలేదే! చదువు పాపా," అంటూ తన చెయ్యి కూడా చాపాడు. ఆ తెర మీద: మోపర్తిపాలెం రైతులకు శుభవార్త. లాకులు పూర్తిగా ఎత్తుతున్నారు. సాయంత్రానికి మీ చేలు తేలతాయి.

వెంకాయమ్మ గంప కింద పెట్టింది. "పూర్తిగానా? ఆ నీళ్లన్నీ ఎటు పోతాయి గోవర్ధనం?"

గోవర్ధనం దిగువకు చూశాడు. ఇళ్ల కప్పులు చూశాడు. దిగువన ఏమవుతుందో అతని పాఠంలో లేదు. అతను ఆలోచించనూ లేదు.

కెజియా ఆ రెండు చేతులనూ పక్కపక్కన పెట్టి చూసింది. రెండు పాఠాల కిందా ఒకే మాట: సాక్షి, కెజియా. ఆమెకు భయమేసింది. భయమొక్కటే కాదు. చదువుకున్నదంతా ఒక్కసారిగా ఒళ్లు విరుచుకుని లేచి నిలబడినట్టుంది.

సుగుణాకర్ గారికి ఫోన్ చేసింది. గబగబా అంతా చెప్పింది.

"మాట్లాడావన్నమాట," అన్నారాయన. "సరే. ఆ రెంటిలో అబద్ధం ఎక్కడుందో చూపించు."

"లేదు సార్. అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. కానీ మునిగేవాళ్లకు మునుగుతారన్న సంగతి కూడా లేదు."

"చెబితే ఏమవుతుందో తెలుసా? గడ్డపారలతో గట్టు మీదికి వస్తారు, రెండు ఊళ్లూ. నేను చూశానమ్మా అలాంటివి. వచ్చెయ్యి."

లాకుల స్తంభం మీద, రెండు ఊళ్లవాళ్ల ఒప్పుదలను కొలిచి చూపే సమ్మతిసూచి నిండుగా, పచ్చగా నిలబడి ఉంది. ఎవరికీ అభ్యంతరం లేదు. అభ్యంతరం లేనంతకాలం వేళ కాగానే తలుపులు వాటంతటవే లేస్తాయి. వేళ కావస్తోంది.

ముద్రపలక అడుగున ఏకపాఠం మీట ఉంటుంది. తుఫానులో ప్రవాహిని తెగిపోతే, సాక్షే రాసి అందరికీ పంపడానికి పెట్టింది. మొదటి ఏడాది ఒక్కసారి చూపిస్తారు, మళ్లీ దాని ఊసెత్తరు. తుఫాను లేకుండా నొక్కితే ముద్ర రద్దవుతుంది. ముద్ర లేనివాళ్లకు పట్టా లేదు.

"ఆలోచించుకో కెజియా," అన్నాడు తన్వీర్. "రెండేళ్ల చదువు."

"ఆ చదువు దీనికే కదా! ఎలా మొదలుపెట్టాలో చెప్పు."

"నన్నడుగుతావేంటి? నేనెప్పుడు రాశాను?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆ వానలో, ఆ ఉరుకులాటలో, పకపకా నవ్వేశారు. తరవాత ఆమె రాసింది. కొట్టేసింది, మళ్లీ రాసింది.

చినలంక లాకులు ఇంకాసేపట్లో పూర్తిగా ఎత్తుతారు. ఎత్తితే మోపర్తిపాలెం వరి బతుకుతుంది. ఆ నీళ్లే రెల్లుగడ్డ ఇళ్లలోకి వస్తాయి. అక్కడ పిల్లలు నిద్రపోతున్నారు. ఎత్తకపోతే వరి పోతుంది. ఈ వార్త రెండు ఊళ్లకూ ఇదే.

మీట నొక్కింది. పలక మీద ప్రవాహిని ప్రశ్న వెలిగింది: ఏ పాఠకులకు?

అందరికీ, అని రాసింది.

వెంకాయమ్మ మణికట్టు తెర, గోవర్ధనం మణికట్టు తెర ఒకేసారి గుర్రుమన్నాయి. ఇద్దరూ చదువుకున్నారు. తలెత్తి ఒకరినొకరు చూసుకున్నారు. వెంకాయమ్మ గంప అక్కడే వదిలేసి ఊళ్లోకి పరుగెత్తింది. సమ్మతిసూచి ఒక్కసారి ఊగి, సగానికి జారింది. అక్కడ నుంచి ఇంకా కిందికి. లేవడానికి మూలిగిన ఇనుప తలుపులు మూలుగు ఆపేసి బిగుసుకున్నాయి.

ఎగువ గట్టు మీద జనం కనబడ్డారు. ముందున్నవాడి చేతిలో గడ్డపార ఉంది. గోవర్ధనం చేతులు చాపి వాళ్లకు అడ్డం వెళ్లాడు.

"నా చేనే అందరికన్నా ముందు మునిగింది, నేను చెప్తన్నా వినండి! పిల్లలున్నార్రా అక్కడ. ట్రాక్టర్లు తియ్యండి. ముందు వాళ్లని మెరక మీదికి తెద్దాం. ఆనక తలుపు ఒక్కోటే ఎత్తుకుందాం. ఈ పూటకి వరి చచ్చిపోదు!"

అరుపులు లేచాయి. ఒకడు తిట్టాడు, ఇంకొకడు ఆ తిట్టినవాణ్ని తిట్టాడు. గడ్డపార వాడు చాలాసేపు కదల్లేదు. ఆఖరికి దాన్ని గట్టులో గుచ్చి వెనక్కి తిరిగాడు. కాసేపటికి మొదటి ట్రాక్టరు చప్పుడు వినబడింది. దాని వెనక మరొకటి.

ఫోన్ మోగింది. సుగుణాకర్ గారు. కెజియా కళ్లు మూసుకుని ఎత్తింది.

"నీ ముద్ర రద్దయింది. అది నా చేతుల్లో లేదు," అన్నారాయన. వెనక సాక్ష్యశాల గోలగోలగా ఉంది. "ఇక్కడ ప్రవాహిని పాఠాలు అల్లడం ఆపేసింది. డెల్టా అంతా ఒకే వార్త గురించి అడుగుతోంది. ఎవరికి ఏం చెప్పాలో దానికి తెలియడం లేదు." ఆయన గొంతు తగ్గించారు. "గొడవేమైనా..?"

"ట్రాక్టర్లు వచ్చాయి సార్. వాళ్లను తీసుకురావడానికి."

ఆయన వెంటనే అందుకున్నారు. "వార్త చదివాను. రెల్లుగడ్డలో ఎన్ని ఇళ్లున్నాయి? నడవలేని ముసలివాళ్లెవరైనా ఉన్నారా? అవేవీ లేవు నీ వార్తలో."

"తెలీదు సార్."

"తెలీకపోతే ఎలా అమ్మా?"

కెజియా పలకను తన్వీర్ చేతిలో పెట్టింది. పరికిణీ అంచు ఎత్తి నడుముకు దోపుకుని, వంతెన మెట్లు దిగి, మోకాలి లోతు వాననీళ్లలో రెల్లుగడ్డ ఇళ్ల వైపు నడిచింది.

"కనుక్కుని చెప్తాను సార్," అంది. "ఫోన్ పెట్టెయ్యకండి."