నలుగురు పట్టే గుడారం

పొద్దున్నే ఉతికిన బట్టల బకెట్ పట్టుకుని వెనక వాకిట్లోకి వచ్చిన కృపమ్మ అక్కడే నిలబడిపోయింది. బట్టలారేసే తీగ మాయమైంది. తీగ కట్టే రెండు గుంజలకూ తాళ్లు బిగించి, చెల్లెలి మొగుడు సుందర్ రావు వాకిలి నిండా ఆకుపచ్చ గుడారం నిలబెట్టాడు. అతని తల మాత్రం లోపల్నుంచి బయటికి వచ్చింది.

"ఎట్లుంది వదినా?"

"మంచిగనే ఉంది గని, నా బట్టలు యాడ ఆరేయాలె?"

"ఈ ఒక్కరోజు జర ఓర్సుకో. సాయంత్రం ప్రార్థన కూడికకు వచ్చేటోళ్లు చూడాలె గద! జాంబియాల ఈ గుడారమేసుకొని మేం తిరగని అడివి లేదు."

కృపమ్మ బకెట్ కింద పెట్టింది. దవాఖానలో నర్సు ఆమె. తెల్లచీర తడిసి ఉంటే మర్నాడు డ్యూటీకి పోవడం కష్టం. ఆ సంగతి సుందర్ రావుకి తట్టలేదు. అతనికి తట్టని సంగతులు చాలానే ఉన్నాయి.

లెక్కల మాస్టారు సుందర్ రావు, భార్య లిదియాతోనూ చిన్న కూతురు రూతుతోనూ జాంబియా వెళ్లింది డెబ్బై ఆరులో. ఆరేళ్లు గడిచాయి. అక్కడ బడికి సెలవులిస్తే చాలు, జీపులో గుడారం వేసుకుని బయల్దేరేవారు. పెద్ద జలపాతం చూశారు. ఏనుగులు గుడారం పక్కనుంచి నడిచి వెళ్తుంటే ఊపిరి బిగపట్టి పడుకున్నారు. కఫూ నదిలో పడవెక్కి చేపలు పట్టారు. ఆ నదిలోనే ఒకసారి నీటిగుర్రం పడవను కిందనుంచి ఎత్తేసింది. సెలవు మీద హనుమకొండ వచ్చి కృపమ్మ ఇంట్లో దిగినప్పటినుంచీ వీధివీధంతా ఆ కథ విన్నది. విన్న ప్రతిసారీ నీటిగుర్రం కాస్త కాస్త పెరుగుతూనే ఉంది.

ఆ కథల్లో ఎక్కడా లేనిది పెద్ద కూతురు సలోమి. ప్రయాణం దగ్గర పడిన వారంలో పిల్లకి కామెర్లు వచ్చాయి. డాక్టరు వద్దన్నాడు. తగ్గగానే తీసుకుపోతామని చెప్పి అక్క దగ్గర వదిలి వెళ్లారు. కామెర్లు తగ్గాయి. ఆ తర్వాత బడి మొదలైందన్నారు, ఆ తర్వాత వచ్చే ఏడన్నారు. నడుమ ఒక్కసారి వచ్చి పోయారు. ఏడేళ్ల పిల్ల పదమూడేళ్లదైంది. పిల్లలు లేని కృపమ్మ ఒక్కసారి కూడా తీసుకుపొమ్మని గుర్తు చేయలేదు.

ఈసారి లిదియా ఒకే పట్టుదలతో వచ్చింది. జూన్‌లో సలోమిని వెంటబెట్టుకునే విమానం ఎక్కాలి. ఆ మాట పిల్లతో నేరుగా అనడానికి మాత్రం ఇన్నాళ్లూ నోరు రాలేదు. ఆ పూట వంటింట్లో కూడిక భోజనాలకు ఉల్లిగడ్డలు తరుగుతూ ధైర్యం చేసింది.

"గుడారం చూసినవా బిడ్డా? అండ్ల నలుగురు పండుకోవచ్చు."

"చూసిన," అంది సలోమి, బియ్యంలో రాళ్లు ఏరుతూనే.

"జూన్ల నువ్వు గూడ మాతోటి వస్తే, మనం నలుగురం..."

"ఇన్నేండ్లు నాలుగో జాగల ఏం పెట్టిన్రు?"

లిదియా తడుముకునేలోపే రూతు అందుకుంది. "గిన్నెల బుట్ట!"

సలోమి చాట దులిపి లేచింది. "మీకు ఇంకిన్ని ఉల్లిగడ్డలు కావాల్నా?" అని మర్యాదగా అడిగి వెళ్లిపోయింది. కృపమ్మతో నువ్వు, నువ్వు అని పొద్దంతా పోట్లాడే పిల్ల, కన్నతల్లిని మాత్రం చర్చికొచ్చిన చుట్టంలా మీరు అంటుంది. లిదియా కళ్లు మండాయి. నెపం ఉల్లిగడ్డల మీద పెట్టి తుడుచుకుంది.

సాయంత్రం కృతజ్ఞత కూడికకు వచ్చినవాళ్లతో ఇంటి ముందు గది నిండింది. చాపలు చాలక వాకిట్లో కూడా కూర్చున్నారు. పాటలయ్యాయి. పాస్టరు రత్నం అయ్యగారు ప్రార్థన చేసి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమని సుందర్ రావు వైపు చూశారు. అతను అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు.

జలపాతం దగ్గర మొదలుపెట్టి నది దాకా వచ్చాడు. "మా కుటుంబమంతా ఆ పడవలనే ఉన్నది. నీటిగుర్రం ఒక్క ఎత్తు ఎత్తితే పడవ గాలిల లేచింది. ఇగ అయిపోయిందనుకున్నం. కని దేవుడు మా ఇంటోళ్లల్ల ఒక్కర్ని గూడ పోనియ్యలే. ఒక్కరు తక్కువ గాకుండ అందర్నీ ఒడ్డుకు చేర్చిండు. దేవునికి స్తోత్రం!"

"ఆమేన్!" అంది గది మొత్తం. లిదియా అందరికన్నా గట్టిగా అంది. అన్నాక ఎందుకో తల తిప్పితే, గుమ్మం దగ్గర కృపమ్మ పక్కన కూర్చున్న సలోమి కనబడింది. పిల్ల పెదాలు బిగించి తండ్రి వైపే చూస్తోంది.

"ఇంకెవరన్న సాక్ష్యం చెప్పేటోళ్లున్నరా?" అయ్యగారు అలవాటుగా అడిగారు. అడిగితే ఎవరో ఒక ముసలమ్మ లేచి మోకాళ్ల నొప్పులు తగ్గిన సంగతి చెప్తుంది. ఆ రోజు సలోమి లేచింది.

"కూసో బిడ్డా," కృపమ్మ కొంగు పట్టి లాగింది. సలోమి ఆ చేతిని మెల్లగా విడిపించుకుంది.

"అందరికి వందనాలు. డాడీ చెప్పిన పడవల నేను లేను. ఇంటోళ్లందరు ఉన్నరన్నడు, ఒక్కరు తక్కువ లేరన్నడు. మరి నేను ఏ ఇంటిదాన్నో ఇప్పటిదాక నాకు ఎరుక కాలే." తండ్రి వైపు నుంచి జనం వైపు తిరిగింది. "నేను గూడ నీళ్లల్ల చిక్కిన. పెద్దమ్మ ఏటూరునాగారం దిక్కు ఊర్లల్ల పిల్లలకు సూదులెయ్య పోయింది. ఇంట్ల నన్ను చూసేటోళ్లు లేరని ఎంట తీస్కపోయింది. తిరిగొచ్చేటప్పుడు వాన. వాగు నడుమ దవాఖాన జీపు ఆగిపోయింది. పెద్దమ్మ నన్ను భుజాల మీద ఎక్కిచ్చుకొని దిగింది. నీళ్లు ఆమె మెడ దాక వచ్చినయి. ఆమెకు ఈత రాదు. నన్ను ఒడ్డున దించినంక గడ్డి మీద పడి కక్కింది. అప్పుడు నాకు ఎనిమిదేండ్లు. ఆ వాగుల మా ఇంటోళ్లం ఇద్దరమే ఉన్నం. దేవుడు ఇద్దర్ని గూడ ఒడ్డుకు చేర్చిండు. స్తోత్రం."

"ఆమేన్," అన్నారు జనం, అలవాటు కొద్దీ. అన్నాక ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

బగారా అన్నం, కోడికూర ఎవరికీ రుచించినట్టు లేదు. గబగబా తిని సెలవు తీసుకున్నారు. చివరి చుట్టం గేటు దాటగానే సుందర్ రావు వదిన మీద విరుచుకుపడ్డాడు.

"అందరి ముంగట నా ఇజ్జత్ తీసింది! ఇదంత నువ్వు నేర్పినవా వదినా?"

"నేనా?" కృపమ్మ ఎంగిలి విస్తర్లు కింద పడేసింది. "వాగు సంగతి ఎన్నడన్న మీకు చెప్పిన్నా? చెప్తే పిల్లను తీస్కపోతరని భయపడి దాసిపెట్టిన. తప్పు నాది గూడ ఉంది. కని నేర్పలే. దానికి నొచ్చింది, అది చెప్పుకున్నది!"

లిదియా కూతురి దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు పడవల లేకున్నా నా పాణమంత నీ మీదనే ఉండె బిడ్డా. పడవ లేవంగనే నీ పేరే పిలిసిన."

"లేదు మమ్మీ," అంది రూతు. డాడీ ఎప్పుడూ చెప్పకుండా వదిలేసే ముక్క అదేనని ఆ పిల్లకి నవ్వొచ్చింది. "నువ్వు అక్క పేరు పిలువలే. 'ఏమండీ, గిన్నెల బుట్ట పోతాంది, పట్టుకోండి' అని ఒర్రినవ్."

సలోమి ఏడవలేదు. తల్లి చేతుల్లోంచి తన చేతులు తీసుకుని చెల్లెల్ని అడిగింది.

"బుట్ట దొరికిందా?"

"ఆ, దొరికింది."

లిదియా గోడకు ఆనుకుని కూలబడింది. ఆరేళ్లుగా పెద్ద కూతురి కోసం బెంగ పెట్టుకున్నానని అనుకుంది. పెట్టుకుంది కూడా. రూతుకు జడ వేసినప్పుడల్లా, పండుగ పూట అన్నం వడ్డించినప్పుడల్లా గుర్తు చేసుకుని ఏడ్చింది. కానీ ప్రాణం పోయే ఘడియలో నోట వచ్చింది పక్కన ఉన్న వస్తువు పేరు. ఆ బుట్టకు చోటిచ్చింది తనే. ఆ చోటు ఎవరిదో ఆరేళ్లూ అడగనిది కూడా తనే. ఆ రాత్రి ఆమెను ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చమని ఆమె కూడా అడగలేదు.

తెల్లవారి సుందర్ రావు లేచి వచ్చేసరికి లిదియా గుడారం తాళ్లు విప్పుతోంది.

"ఏం చేస్తానవ్?"

"అక్క తీగ అక్కకు కట్టాలె. జూన్ల మీరు పోండ్రి. నేను, రూతు ఈడనే ఉంటం."

"చిన్నపిల్ల మాట పట్టుకొని సంసారం ఆగం చేస్తవా?"

"పిల్ల మాట కాదండి, మీ మాటే. ఒక్కరు తక్కువ లేరని మీరన్నరు. నేను అందరికంటె గట్టిగ ఆమేనన్న. ఆ నోటితోటి ఇంక దాన్ని ఏమని రమ్మనాలె?"

సుందర్ రావు వెనక మెట్టు మీద కూర్చున్నాడు. వచ్చినప్పటినుంచీ అతను చెప్పడానికి ఏమీ లేకుండా కూర్చోవడం అదే మొదలు.

గుడారం గుడ్డ పెద్దది. ఒక్క మనిషికి మడత పడదు. లిదియా ఒక కొస పడితే ఇంకో కొస మట్టిలో ఈడ్చుకుపోతోంది. కృపమ్మ తడిబట్టల బకెట్‌తో గుమ్మంలోకి వచ్చి, చూసి, ముందుకు అడుగు వేయబోయి ఆగింది. ఆమె వెనకనుంచి సలోమి వచ్చి మట్టిలో ఉన్న కొస అందుకుంది.

"ఎన్ని దినాలుంటవ్?" గుడ్డ వైపు చూస్తూ అడిగింది.

"పోను బిడ్డా. ఉంట."

"సూద్దాం. ముందు గట్టిగ పట్టు. పెద్దమ్మ బట్టలు ఆరేసుకోవాలె."

ఇద్దరూ గుడ్డ చాచి ఒకరికెదురుగా ఒకరు నడిచారు. నడుమ చేతులు కలిశాయి. లిదియా ఆ వేళ్లు ఒక్క క్షణం పట్టుకోవాలనుకుంది. సలోమి తల్లి చేతుల్లోంచి రెండు కొసలూ తీసుకుని, ఇంకో మడత కోసం మళ్లీ వెనక్కి నడిచింది.