నాలుగో పెట్టె

నేను దెయ్యాలను నమ్మను. దరఖాస్తులనైతే అసలే నమ్మను. ఎవరో వచ్చి, ఇది నేనే కనిపెట్టాను, దీని మీద హక్కు నాకే ఇవ్వండి అంటే, అది నిజమో కాదో తరచి చూసి తేల్చడం నా ఉద్యోగం. పేటెంట్ ఆఫీసులో పరీక్షాధికారిని. జుట్టు ఆ కుర్చీలోనే నెరిసింది. సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నా ఆధారం చూపించమనే రకం అని మా ఆయన నన్ను వెక్కిరిస్తాడు.

ఆ మధ్యాహ్నం ఒక విచారణ ఉంది. పొద్దున్నుంచి ఒకటే వాన. పై అంతస్తులో విచారణ హాలు కప్పు కారి బల్లలన్నీ తడిసిపోయాయి. దాంతో మమ్మల్ని నేలమాళిగలోని పాత ఫైళ్ల గదికి పంపారు. దానికి కిటికీలు లేవు. మూడు వైపులా ఇనుప అరలు, వాటి నిండా ఎవరూ తెరవని కట్టలు. చెమ్మ పట్టిన కాగితం వాసన. మధ్యలో పొడవాటి బల్ల, దాని మీద గుయ్యిమంటూ మూలిగే ఒక ట్యూబ్‌లైటు. తలుపు మూస్తే వాన చప్పుడు కూడా వినిపించదు.

బల్లకు అటువైపు దరఖాస్తు పెట్టిన కంపెనీ ఓనరు, పక్కన ఆయన తరఫున వాదించే ఏజెంటు. ఇటువైపు ఒంటరిగా ఒక అమ్మాయి. ఆ దరఖాస్తు మీద అభ్యంతరం పెట్టింది ఆమే.

దరఖాస్తు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పెద్ద పెద్ద బ్యాటరీలను ఒకే మాదిరి పెట్టెలుగా చేసి, తీగలతో గొలుసులా కలుపుతారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఏ పెట్టెకూ తన నంబరేమిటో తెలియదు. పచ్చ మీట నొక్కితే మొదటిది 'నేను ఒకటి' అనుకుని టిక్కుమంటుంది, పక్కదానికి కబురు పంపుతుంది. అది రెండు అవుతుంది. బడిలో డ్రిల్లు మాస్టారు వరసలో నిలబెట్టి అంకెలు చెప్పించినట్టే. చివరి పెట్టెకు ఒక మూత ఉంటుంది, 'నా తర్వాత ఎవరూ లేరు' అని చెప్పడానికి. ఆ మూత తగిలేదాకా పసుపు దీపం మిణుకు మిణుకుమంటూ తర్వాతి పెట్టె కోసం వెతుకుతూ ఉంటుంది. లెక్క పూర్తయ్యాక ఎర్ర మీట నొక్కితే అసలు కరెంటు పారుతుంది.

మంచి ఆలోచన. ఎవరు ఆలోచించారన్నదే గొడవ.

"మా అక్క కనిపెట్టింది మేడమ్," అంది ఆ అమ్మాయి. "అక్క వీళ్ల కంపెనీలోనే ఇంజనీరు. రాత్రీ పగలూ దీని మీదే కూర్చుంది. దీని మీదే పోయింది. తీరా చూస్తే కనిపెట్టినవాళ్ల పేరు దగ్గర ఈయన పేరుంది."

"ఆధారం ఏమైనా ఉందా అమ్మా?"

"లేదు. అన్నీ వాళ్ల దగ్గరే ఉండిపోయాయి."

"మరి నీకేం కావాలి?"

"నాకింకేమీ వద్దు మేడమ్. ఆ పేరున్న చోట మా అక్క పేరుండాలి. అంతే."

నా మనసు చివుక్కుమంది. ఆధారం లేకపోతే ఓడిపోతుంది. ఆ విషయం నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అందరికంటే బాగా ఏజెంటుకి తెలుసు. ఆయన నున్నగా నవ్వి, "పోయినవాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పరు కదా మేడమ్, మనం కాయితాల మీదే పోవాలి," అన్నాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండింది.

"ఎలా పోయింది?" అనడిగాను.

ఓనరు గొంతు సవరించుకున్నాడు. "యాక్సిడెంట్ మేడమ్. అతిథులు వచ్చారు, ఏజెంటుగారూ అక్కడే ఉన్నారు. మేం ప్యానెల్ గదిలో ఉన్నాం, ఆవిడ పక్క గదిలో పెట్టెల దగ్గరుంది. పచ్చ మీట నొక్కాను. ప్యానెల్ మీద ఏడు చూపించింది. ఉన్నవే ఏడు. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయనుకుని ఎర్ర మీట నొక్కాను. ఆ నాలుగో పెట్టె ఆవిడ బయటికి తీసిందని మాకెలా తెలుస్తుంది?"

"నాలుగోది లేకపోతే మూడు దగ్గరే ఆగిపోవాలిగా? ఏడెలా చూపించింది?"

జవాబు ఆ అమ్మాయే చెప్పింది, తల ఎత్తకుండా.

"అక్క రెండు చేతుల్లోనూ రెండు తీగల కొసలున్నాయి మేడమ్. కబురు అక్క ఒంట్లోంచే అవతలికి పోయింది. మిషను అక్కనే నాలుగో పెట్టె అనుకుంది."

ట్యూబ్‌లైటు ఒక్కసారి రెప్ప వేసి మళ్లీ వెలిగింది.

నేను మంచినీళ్లు తాగి, నమూనా చూపించమన్నాను. ఓనరు సంచిలోంచి అరచేతిలో పట్టే పెట్టెలు ఏడు తీసి, పొట్టి తీగలతో కలిపి, చివరిదానికి మూత బిగించి, వరసగా పేర్చాడు. బ్యాటరీ టార్చిలైటులో వేసేపాటిది. మీటలున్న పలకను నా ముందుకు జరిపాడు. పచ్చ మీట నొక్కాను. టిక్, టిక్, టిక్... ఏడు టిక్కులు. పలక మీద 7. ఎర్రది నొక్కితే దీపాలన్నీ వెలిగాయి. ముచ్చటగానే ఉంది.

"మధ్యలో ఒకటి లేకపోతే అక్కడే ఆగిపోతుందని రాశారు. చూపించండి. నాలుగోది తీయండి."

"నాలుగోదే ఎందుకు? అయిదోది తీద్దాం," అన్నాడు ఓనరు గబుక్కున.

ఏడింట్లో మధ్యది కాబట్టి నాలుగు అన్నాను, అంతకుమించి ఏ ఉద్దేశమూ లేదు. కానీ గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన మొహం పాలిపోయింది. నాకు మొండితనం ఎక్కువ. నేనే చెయ్యి చాచి నాలుగో పెట్టె ఊడదీసి పక్కన పెట్టాను. రెండు తీగల కొసలు బల్ల మీద జానెడు దూరంలో పడున్నాయి.

పచ్చ మీట నొక్కాను.

టిక్. టిక్. టిక్.

ఆగింది. పసుపు దీపం మిణుకుమంటోంది. "చూశారుగా మేడమ్..." అంటూ ఏజెంటు మొదలుపెట్టాడు.

టిక్.

ఆ చప్పుడు పెట్టెల్లోంచి రాలేదు. రెండు కొసల మధ్య, ఏమీ లేని చోటి నుంచి వచ్చింది. తర్వాత మిగతా మూడూ టకటకా పలికాయి. పలక మీద 7.

"లూజ్ కనెక్షన్," అన్నాడు ఓనరు. నుదుటి మీద చెమట.

లూజవడానికి అసలు కనెక్షన్ ఏది? పెట్టెలతో సహా కొసలను ఇంకా ఎడంగా జరిపాను. ఒకటి బల్ల ఆ అంచుకి, ఒకటి ఈ అంచుకి. మళ్లీ నొక్కాను.

టిక్. టిక్. టిక్. ...టిక్.

ఈసారి ఒక వాసన వచ్చింది. తీగలు అతికించడానికి సోల్డరింగ్ చేసినప్పుడు లేచే పొగ వాసన, తియ్యగా, ఘాటుగా. అది క్రమంగా చిక్కబడింది. దాని అడుగున ఇంకో వాసన ఉంది... కాలిన వెంట్రుకల వాసన.

చెల్లెలు ముక్కుపుటాలు ఎగరేసింది. కళ్లనిండా నీళ్లు. కానీ భయం లేదు.

"అక్క ఇంటికొస్తే ఇదే వాసన," అంది గుసగుసగా. "అన్నం కలిపి పెడుతుంటే వేళ్ల దగ్గర ఇదే వాసన..."

నాకు భయం వేసింది. నమ్మనని మొదట్లో అన్న నేనే చెబుతున్నాను. లేచిపోదామనుకున్నాను.

ట్యూబ్‌లైటు ఆరిపోయింది.

పసుపు దీపం ఒక్కటే మిగిలింది. వెలిగినప్పుడు నాలుగు మొహాలు. ఆరినప్పుడు చీకటి. వెలిగింది... బల్ల మధ్యలో, రెండు కొసల నడుమ ఖాళీలో, చెక్క మీద చెమ్మ. అరచేతులు ఆనించి తీసినట్టు రెండు తడి మచ్చలు. ఆరింది. వెలిగింది... మచ్చలు ఓనరు వైపు కాస్త జరిగాయి.

అప్పుడు వినిపించింది. ఆడగొంతు. అలసిపోయిన గొంతు, పని మధ్యలో ఉన్నవాళ్లు పక్క గదిలోకి కేకేసినట్టు, కానీ ఎంతో మెల్లగా...

"ఆగండి సార్... ఇంకా చెయ్యి తీయలేదు..."

చెల్లెలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ మాట ఆమె ఎప్పుడూ విని ఉండదు. నేనూ వినలేదు. విన్నవాళ్లు బల్లకు అటువైపు ఉన్నారు.

"వద్దు," అన్నాడు ఓనరు. "వద్దు, వద్దు..."

"ఆగండి సార్..."

"ఆ రోజూ ఇదే అన్నావ్!" కుర్చీ వెనక్కి పడిపోయింది. "విన్నాను! విన్నానమ్మా, విన్నాను! అందరూ చూస్తున్నారు, ఏడు చూపిస్తోంది, ఎలా ఆపమంటావ్? నువ్వుంటే అంతా నీ పేరే అంటావ్... ఏజెంటుగారూ, మీరూ విన్నారుగా! నా పక్కనే ఉన్నారుగా, చెప్పండి!"

దీపం వెలిగింది. ఏజెంటు తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయి కూర్చున్నాడు.

"నేనేమీ వినలేదు," అన్నాడు. "అప్పుడూ వినలేదు. ఇప్పుడూ వినలేదు."

టిక్... ఎక్కడో ఆయన కుర్చీ దగ్గర.

"నాలుగోది పెట్టేస్తాను," ఓనరు గొణుగుతున్నాడు. "పెట్టేస్తే ఖాళీ ఉండదు... పోతుంది... పెట్టేస్తే పోతుంది..." చీకట్లో తడుముకుంటూ రెండు కొసలూ లాక్కుని చెరో చేత్తో పట్టుకున్నాడు. పెట్టె కోసం వెతుకుతున్నాడు. అది నా మోచేతి పక్కనే ఉంది. అందించలేకపోయాను.

మీట నొక్కిన చప్పుడైంది. ఎర్ర మీట. పలక నా ముందే ఉంది. నా చేతులు ఒళ్లో ఉన్నాయి.

ఆయన అరవలేదు. పళ్లు గిట్టకరిచిన చప్పుడు మాత్రం వినిపించింది. మళ్లీ లైటు వచ్చేసరికి నిటారుగా నిలబడే ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. పిడికిళ్లలో తీగలు. పలక మీద 8.

గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఆ బ్యాటరీతో చీమ కూడా చావదని ఆయనే అన్నాడు. రెండు అరచేతుల్లోనూ నల్లగా కాలిన మచ్చలెందుకున్నాయని అడిగితే, ఆయన నా మొహంలోకి చూసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

చనిపోయే ముందు ఓనరు నోట వచ్చిన ప్రతి మాటనూ విచారణ రికార్డులోకి ఎక్కించాను. ముఖ్యంగా 'నువ్వుంటే అంతా నీ పేరే అంటావ్' అన్నది. తానేమీ వినలేదని ఏజెంటు రాసిచ్చాడు. వినకపోతే పోనీ, నా చెవులు నాకున్నాయి. కంపెనీవాళ్లు నోరెత్తలేదు. పేరు మారింది. పేటెంటు అక్క పేరు మీదే వచ్చింది. ఆ కాగితం చేతికిచ్చినప్పుడు చెల్లెలు ఏడవలేదు. పేరు మీద వేలితో ఒకసారి నిమిరి, "ఇప్పుడు బాగుంది," అంది. ఇంతటితో పోయిన పిల్ల ఉసురు శాంతించి ఉంటుందని నేనూ అనుకున్నాను.

మిగిలింది నమూనా. ఇన్నాళ్లూ అది నేలమాళిగ బీరువాలో తాళం వేసి ఉంది. నియమం ప్రకారం హక్కుదారు వారసులకు తిరిగిచ్చేయాలి. చెల్లెలు వచ్చింది. అప్పగింత సంతకానికి ఏజెంటూ రావాలి, రాలేదు. పొద్దుటి నుంచి ఫోను మోగుతోందే కానీ ఎత్తడం లేదు.

"పనిచేస్తోందో లేదో ఒకసారి చూసుకుంటాను మేడమ్," అంది.

బల్ల మీద పెట్టెలు పేర్చింది. ఆరే పేర్చింది. చివరిదానికి మూత బిగించింది. నాలుగో పెట్టెను చీర కొంగుతో తుడిచి తన సంచిలో వేసుకుంది. రెండు కొసలూ ఎడంగా పెట్టింది. నేను వద్దనలేదు. ఎందుకనలేదో నాకిప్పటికీ తెలియదు.

ఆమె పచ్చ మీట నొక్కింది. టిక్కులు మొదలయ్యాయి. మూడు తర్వాత ఆగింది. సోల్డరింగ్ వాసన. ఆ ఖాళీలోంచి ఒక మగగొంతు, చాలా దూరం నుంచి, బతిమాలుతూ...

"ఆగమ్మా... చెయ్యి తీయలేదు... ఇంకా చెయ్యి తీయలేదు..."

చెల్లెలు నా వైపు చూసింది. తర్వాత, అలవాటైన పని చేసినట్టు, ఎర్ర మీట నొక్కింది. గొంతు తెగిపోయింది.

"ఇంటికి తీసుకెళ్తాను మేడమ్. రోజూ ఒకసారి చూసుకుంటూ ఉంటాను," అంది నెమ్మదిగా. ఆ మొహంలో అంత ప్రశాంతత నేను ఎన్నడూ చూడలేదు.

పలక వైపు చూశాను. 9.

అంకె తప్పుగా చూశానేమోనని కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. తొమ్మిదే. పెట్టెలు ఆరు, అక్కతో ఏడు, ఓనరుతో ఎనిమిది. పక్కన ఏజెంటు కోసం వేసిన కుర్చీ ఖాళీగా ఉంది. చివరి పెట్టెకు మూత బిగించే ఉంది. కానీ పసుపు దీపం ఆరలేదు. మిణుకు మిణుకుమంటూ ఇంకా వెతుకుతోంది.

నేను రెండు చేతులూ బల్ల మీంచి తీసేశాను.